నీలిమందు నుంచి నీలిగోడ దాకా: విశాఖ ఇళ్లలో ఒక రంగు, ఒక మాట, ఒక అపోహ

ఉపోద్ఘాతం

విశాఖపట్నంలో ఇటీవల కట్టిన అపార్ట్‌మెంట్లలో ముందుగది గోడలు మూడింటికి తెలుపో మీగడరంగో వేసి, నాలుగో గోడకు ముదురు నీలం వేయించడం తరచుగా కనిపించే అలంకరణ పద్ధతి. టీవీ అమర్చే గోడకో, సోఫా వెనుక గోడకో, పడకగదిలో మంచం తలాపివైపు గోడకో ఈ రంగును ఎంచుకుంటారు. రంగుల దుకాణంలోని నమూనా పుస్తకంలో ఇలాంటి ఛాయలకు సముద్రం పేరో, రాత్రి పేరో, 'ఇండిగో' అన్న పేరో ఉంటుంది. ఈ చివరి పేరు ఒక వాదాన్ని కూడా ఇంట్లోకి తెస్తుంది. ఇండిగో అంటే నీలిమందు. నీలిమందు ఈ తీరానికి పాత సరుకు. కాబట్టి నీలిగోడ మన పూర్వపు అలంకరణ సంప్రదాయానికి కొనసాగింపు.

ఈ వాదంలోని మొదటి రెండు మాటలు నిజం. మూడోది వాటి నుంచి రాదు. తెలుగునేలమీద నీలి శతాబ్దాలపాటు బట్టకు చెందిన రంగు. గోడకు నీలం వచ్చింది వేరే దారిన, వేరే పదార్థంతో. ఈ రెండు చరిత్రలను ఒకటిగా కనిపింపజేస్తున్నది 'నీలిమందు' అనే మాట. పదార్థం మారిపోయినా మాట మారలేదు. ఈ వ్యాసం ఆ మాట వెంట నడుస్తూ, విశాఖ ప్రాంతపు ఇంటిగోడ మీదికి నీలం వచ్చిన క్రమాన్నీ, అది ముదురుగా మారడానికి కావలసి వచ్చిన భౌతిక పరిస్థితులనూ పరిశీలిస్తుంది.

నల్ల, నీలం, నీలి

తెలుగులో తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, పచ్చ దేశ్యపదాలు. నీలం సంస్కృతం నుంచి వచ్చింది. సంస్కృతంలోనూ నీలశబ్దానికి నేటి కచ్చితత్వం లేదు. ముదురు నీలాన్నీ నలుపునూ అది కలిపి చెబుతుంది. నీలకుంతల అంటే నల్లని కురులు కలది. నీలమేఘం అంటే కారుమబ్బు. కృష్ణుడు తెలుగు కావ్యాల్లో ప్రధానంగా నల్లనివాడు, అచ్చు పటాల్లో నీలివాడు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం తరువాతి కాలపు పటాల సంస్కృతికి దారి చూపింది. పటంలోని దేవుడి మేనిరంగు నీలంగా స్థిరపడడానికి కొత్త రంగుల లభ్యత తోడ్పడిందని భావించవచ్చు. ఆ విధంగా అనేక ఇళ్లలో గోడకు నీలం పూయకముందే గోడకు వేలాడిన పటంలో నీలం ఉంది.

'నీలి' అనే రూపం మొదట మొక్కపేరు. ఆ మొక్క ఇచ్చే రంగు నీలిరంగు. మొక్కపేరు రంగుపేరుగా మారడం తెలుగుకు కొత్త కాదు. పసుపు, వంగపండు రంగు ఇదే వరుసకు చెందినవి. అయితే పసుపుకు దక్కిన శుభార్థం నీలికి దక్కలేదు. నీలివార్త అంటే అబద్ధపు వార్త. నీలాపనింద అంటే చేయని తప్పుకు పడిన నింద. ఒక పని మీద నీలినీడలు కమ్ముకున్నాయంటే అది జరుగుతుందో లేదోనన్న సందేహం. (నీలిచిత్రం అన్న మాటలోని నీలి మాత్రం ఆంగ్లం నుంచి తెచ్చుకున్నది. దానిని ఈ వరుసలో చేర్చకూడదు.) మాటల సాక్ష్యం ఇలా ఉండగా, నీలిని ఇంటికి మంగళకరంగా పూసుకున్న పూర్వసంప్రదాయం ఉందని చెప్పాలంటే మాటకు బయట బలమైన ఆధారం కావాలి.

ధర్మశాస్త్రాల సాక్ష్యం కూడా ఇదే దిక్కున ఉంది. మనుస్మృతి పదవ అధ్యాయంలో, ఆపత్కాలంలో వర్తకం చేసి బతకవలసి వచ్చిన బ్రాహ్మణుడు అమ్మకూడని వస్తువుల జాబితా ఉంది. అందులో లక్కతోపాటు నీలి కూడా ఉంది. ఆకులను కుళ్లబెట్టి, పురుగులు పుట్టే దుర్వాసన నడుమ తయారుచేసే పదార్థం కావడం ఈ నిషేధానికి కారణమై ఉండవచ్చు. నిషేధం సరుకు మీదనే ఆగిపోలేదు. ఆ సరుకును చేతితో తాకి పనిచేసిన అద్దకపువారి సామాజిక స్థాయిమీద కూడా దాని నీడ పడింది.

బట్టలో నిలిచిన రంగు

నీలి గోడకు ఎందుకు చేరలేదన్న ప్రశ్నకు శాస్త్రనిషేధం కంటే బలమైన సమాధానం ఆ పదార్థపు స్వభావంలోనే ఉంది. నీలిమొక్క ఆకులో నీలం నేరుగా ఉండదు. రంగులేని ఒక పదార్థం ఉంటుంది. కోసిన మొక్కలను తొట్టిలో నీళ్లలో నానబెట్టి పులియనిస్తే అది నీటిలోకి దిగుతుంది. ఆ పసుపుపచ్చని నీటిని రెండో తొట్టిలోకి వదిలి, గాలి బాగా కలిసేటట్లు కర్రలతో చిలుకుతారు. గాలి తగిలాక నీలం ఏర్పడి, బురదలా అడుగుకు దిగుతుంది. దానిని కాచి, వడకట్టి, అదిమి, బిళ్లలుగా కోసి నీడన ఆరబెడితే అంగడికి వెళ్లే నీలిమందు సిద్ధమవుతుంది.

ఈ బిళ్ల నీటిలో కరగదు. బట్టకు అద్దాలంటే దానిని మళ్లీ పులియబెట్టి కరిగే రూపానికి తేవాలి. ఆ బానలో ముంచి తీసిన బట్ట మొదట పసుపుపచ్చగా ఉండి, గాలిలో ఆరుతున్నకొద్దీ కళ్లముందే నీలమవుతుంది. నీలం నూలుపోగు లోపలే పుట్టి అక్కడే చిక్కుకుపోతుంది కనుక ఉతికినా త్వరగా పోదు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీలలో నీలం కావలసిన చోటు వదిలి, మిగిలిన బట్టను మైనంతో కప్పి బానలో ముంచే పద్ధతి ఈ గుణం మీదనే ఆధారపడింది.

గోడకు నూలుపోగు లేదు. గోడమీద నీలిమందు కేవలం పొడి. దానిని పట్టి ఉంచడానికి జిగురు కావాలి, పట్టి ఉంచినా వెలుగుకు క్రమంగా వెలిసిపోతుంది. అందువల్లనే భారతీయ కుడ్యచిత్రాల్లో నీలం వేరే చోటు నుంచి రావలసి వచ్చింది. అజంతా చిత్రాల్లోని నీలం రాజావర్తమనే రాతిని నూరి తీసినది. ఆ రాయి నేటి అఫ్గానిస్థాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి వచ్చే ఖరీదైన సరుకు. 16వ శతాబ్దికి చెందిన లేపాక్షి వీరభద్రాలయ చిత్రాల్లో నీలం దాదాపుగా లేకపోవడాన్ని కళాచరిత్రకారులు ప్రత్యేకంగా గుర్తించారు. ఎరుపు, గోధుమ, నలుపు, తెలుపు, ఆకుపచ్చ ఛాయలతోనే అంత పెద్ద చిత్రసంపద రూపొందింది. రాజాశ్రయం ఉన్న ఆలయపు పైకప్పుకే అరుదైన రంగు సామాన్యుడి ఇంటిగోడకు సులభంగా దొరికిందని భావించడం కష్టం.

అదే కాలానికి కొంచెం అటూ ఇటూగా తెలుగుతీరం నీలిని ఓడలకెక్కించింది. 17వ శతాబ్ది తొలి దశకంలో మచిలీపట్నంలో స్థిరపడిన డచ్చి వర్తకులు బట్టతోపాటు నీలిమందును కూడా కొన్నారు. నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచ వారి లోతట్టు స్థావరాల్లో ఒకటి. ఉత్తరాన భీమునిపట్నంలో ఉన్న వారి కోఠీ 1825లో ఆంగ్లేయుల చేతికి వచ్చింది. నీలిమొక్క పొలంలో ఉంది, నీలిమందు గోదాములో ఉంది, నీలిబట్ట ఒంటిమీద ఉంది. వాటి మధ్యనే ఉన్న ఇంటిగోడ మాత్రం తెల్లగానో ఎర్రగానో ఉంది.

ఉత్తరాంధ్ర గోడ

ఆ గోడ ఏమిటో చూడాలి. విశాఖ ప్రాంతపు పల్లెల్లో మట్టిగోడ, తాటాకు కప్పు చాలాకాలం సాధారణం. గోడకు ఎర్రమన్ను పూసేవారు, నేలకు పేడ అలికేవారు, అరుగు అంచుకు జాజు దిద్దేవారు, గడపకు పసుపు రాసేవారు. కాస్త కలిగినవారి ఇంటికి సున్నం. కోస్తాలో సముద్రపు గుల్లలను బట్టీల్లో కాల్చి తీసే గుల్లసున్నం అందుబాటులో ఉండేది. సంక్రాంతికో పెళ్లికో ముందు వెల్ల వేయడం ఇంటిని శుభ్రపరచే పనిలో భాగం. తూర్పు కనుమల్లోని సవరల ఇళ్లలో ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండితో తెల్లని బొమ్మలు వేసే సంప్రదాయం ఉంది.

ఈ గోడల మీద ఉన్న రంగులను వరుసగా చెప్పుకుంటే ఒక విశేషం తెలుస్తుంది. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు. ఇవన్నీ దేశ్యనామాలు ఉన్న రంగులే. మట్టిలోనో, పొయ్యిలోనో, పెరటిలోనో దొరికేవే. నీలం మాటలోనూ అరువే, గోడమీదా అరువే. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఉందని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. అయితే ఇంటి వర్ణప్రపంచాన్ని పునర్నిర్మించే పరిశోధకుడికి ఈ సామ్యం ఒక హెచ్చరికగా ఉపకరిస్తుంది.

నీలిమందు అర్థపరిణామం

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఆ కాలపు వాడుకలో నీలిమందు అంటే మొక్కనుంచి తీసిన అద్దకపు సరుకు. ఇరవయ్యో శతాబ్దిలో తెలుగింట నీలిమందు అంటే బట్టలు ఉతికాక చివరి నీళ్లలో కలిపే నీలిపొడి. ఈ రెండూ రసాయనికంగా సంబంధంలేని పదార్థాలు. మధ్యలో జరిగినదేమిటి?

1820ల్లో ఫ్రాన్సులోని ఒక పారిశ్రామిక ప్రోత్సాహక సంఘం రాజావర్తానికి సమానమైన నీలాన్ని చవకగా తయారుచేసినవారికి బహుమతి ప్రకటించింది. 1828లో అది గిమే అనే రసాయనజ్ఞుడికి దక్కింది. తెల్లబంకమన్ను, సోడా, గంధకం, బొగ్గు కలిపి కొలిమిలో కాల్చి తీసే ఆ పొడికి అల్ట్రామెరైన్ అని పేరు. ఒకప్పుడు బదఖ్షాన్ రాయి ఇచ్చిన నీలం ఇప్పుడు కొలిమిలో పుట్టింది. ఇంగ్లండులోని హల్ నగరానికి చెందిన రెకిట్ వంటి సంస్థలు దానిని చాకలినీలంగా ప్రపంచమంతటా అమ్మాయి. భారతదేశంలో రాబిన్ బ్లూ ఈ కోవకు చెందినదే. 1983లో వచ్చిన ఉజాలా మళ్లీ వేరు. అది పొడి కాదు, ద్రవరూపంలోని అద్దకపు రంగు.

మరోవైపు మొక్కనీలి వ్యాపారం కూలిపోయింది. జర్మనీకి చెందిన బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థ 1897లో కృత్రిమ నీలిని అంగడికి తెచ్చింది. కన్యాశుల్కం తొలి ముద్రణ వెలువడినదీ ఆ ఏడాదే. కొద్ది సంవత్సరాల్లోనే భారతదేశపు నీలి ఎగుమతి క్షీణించింది. మొక్కను సాగుచేసే పొలాలూ, తొట్లూ, వాటిలో దిగి చిలికే కూలీలూ కనుమరుగయ్యారు. మాట ఖాళీ అయింది. ఖాళీ అయిన మాటలోకి కొత్త పొడి వచ్చి కూర్చుంది.

ఈ మార్పు ఇంత నిశ్శబ్దంగా జరగడానికి 'మందు' అనే ఉత్తరపదమే కారణమని ప్రతిపాదించవచ్చు. తెలుగులో మందు అంటే ఔషధం మాత్రమే కాదు. తుపాకిమందు, ఎలుకలమందు, పురుగులమందు అన్న మాటల్లో అది మనిషి తయారుచేసిన, ఒక పని సాధించిపెట్టే పదార్థం. మూలం మొక్కా రాయా కొలిమా అన్నది ఆ పదానికి అవసరం లేదు. చేసే పనే ముఖ్యం. కొత్త పొడి కూడా నీలంగానే ఉంది, చిన్న బిళ్లలుగానే దొరికింది, బట్టకే పనికొచ్చింది. కనుక పాత పేరు దానికి సులభంగా అతికింది. మాట నిలిచినందువల్ల పదార్థం కూడా నిలిచిందని తరువాతి తరాలు అనుకున్నాయి.

గోడకు నీలం చేరినది ఈ రెండో నీలిమందుతోనే. కొత్తగా వేసిన సున్నంలో కొద్దిపాటి పసుపుజీర ఉంటుంది. చిటికెడు నీలం కలిపితే ఆ జీర కంటికి ఆనదు, తెలుపు మరింత తెల్లగా కనిపిస్తుంది. బట్టకు నీలం పెట్టడంలో ఉన్న సూత్రమే ఇది. ఇందుకు అల్ట్రామెరైన్ తగినది కావడానికి రసాయనిక కారణం ఉంది. సున్నం క్షారం. అల్ట్రామెరైన్ క్షారానికి చెక్కుచెదరదు, ఆమ్లానికి మాత్రమే రంగు కోల్పోతుంది. 18వ శతాబ్ది ఆరంభంలో బెర్లినులో కనుగొన్న ప్రష్యన్ నీలం సున్నంలో కలిపితే విరిగిపోతుంది. అంటే వెల్లగోడ మీద నిలవగల చవకైన నీలం 19వ శతాబ్దికి ముందు లేదు.

ఇక్కడ మరొక పరిమితిని గుర్తించాలి. చిటికెడు వేస్తే తెలుపు, గుప్పెడు వేస్తే లేతనీలం. అంతకు మించి ఎంత కలిపినా సున్నపు నీలం లేతగానే ఉంటుంది. సున్నం తానే తెలుపు. ఏ రంగునైనా అది తనలోకి లాక్కుని పలచన చేస్తుంది. మోతాదు మరీ మించితే పొడి గోడకు పట్టక చేతికి అంటుతుంది. వెల్లగోడ ఇవ్వగలిగిన నీలం ఆకాశపు నీలమే. నేటి ముందుగదిలో కనిపించే అర్ధరాత్రి నీలం సున్నం ఇవ్వలేనిది. 'పూర్వకాలపు ఇండిగో గది' అన్న ఊహ ఈ ఒక్క భౌతిక కారణం చేతనే నిలవదు.

రేవు, నౌకాకేంద్రం, ఉక్కు

గోడ మారనిదే రంగు ముదరదు. విశాఖలో గోడ మారిన చరిత్ర ఆ నగరపు పారిశ్రామిక చరిత్రతో ముడిపడి ఉంది. 1933 అక్టోబరులో రేవు సముద్రనౌకలకు తెరుచుకుంది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. 1941లో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన 'జల ఉష' 1948 మార్చి 14న నెహ్రూ చేతులమీదుగా నీటిలోకి దిగింది. ఓడకు రంగు అలంకారం కాదు, ఉప్పునీటి నుంచి ఇనుమును కాపాడే కవచం. నూనెతో కలిపిన గట్టి రంగులు, వాటిని వేసే పనివారు నగర జీవితంలో భాగమయ్యారు. జాలరిపేటల్లో పడవకూ ఇంటితలుపుకూ ఒకే నీలం కనిపించడం నేటికీ అరుదు కాదు. నూనెరంగులో సున్నం లేదు కనుక ముదురు నీలం సాధ్యపడింది. అయితే అది చెక్కకూ ఇనుముకూ పరిమితం.

రేవులో మాంగనీసు, తరువాత ఇనుప ఖనిజం, బొగ్గు ఎగుమతి దిగుమతులు పెరిగినకొద్దీ పాతనగరంలో దుమ్ము పెరిగింది. తెల్లని వెల్ల మీద నల్లని దుమ్ము త్వరగా కనిపిస్తుంది. గోడ కిందిభాగానికి తుడవడానికి వీలైన ముదురు నూనెరంగు వేసి, పైభాగం లేతగా ఉంచే పద్ధతి రైల్వే, ఆసుపత్రి, పాఠశాల భవనాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. ఇంటిలోపలి గోడకు ముదురు రంగు తొలుత ఇలా ఉపయోగం పేరిట అలవాటైందని భావించవచ్చు.

గోడ స్వరూపాన్ని మరింత విస్తృతంగా మార్చినది ఉక్కు కర్మాగారం. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం 1966లో సాగింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. కర్మాగారం కోసం 64 గ్రామాలు భూములిచ్చాయి. జాజు, పేడ, గుల్లసున్నం తెలిసిన మట్టిగోడలు ఆ గ్రామాలతోపాటు పోయాయి. నిర్వాసితుల కాలనీల్లో, ఉక్కునగరంలో, పెరిగిన గాజువాకలో లేచినవి ఇటుక, సిమెంటు గోడలు. ఊదుకొలిమిలో ఇనుము కరిగినప్పుడు పైకి తేలే చిట్టెం సిమెంటు తయారీకి పనికివస్తుంది. ఉక్కు ఇంటికి కడ్డీ ఇచ్చింది, చిట్టెం రూపంలో గోడకూ తోడ్పడింది.

ఉద్యోగులు మొదట ఉన్నవి సంస్థ క్వార్టర్లలో. అక్కడ గోడరంగు సంస్థ నిర్ణయం. అద్దె ఇంట్లో అది యజమాని నిర్ణయం. మరొకరిని అడగకుండా గోడకు ముదురు రంగు వేయించడం సొంత ఇల్లు కలిగినవాడికే సాధ్యం. ఇల్లు మారేటప్పుడు లేతరంగు మీద మరో రంగు వేయడం తేలిక, ముదురు నీలాన్ని కప్పడం కష్టం. ఆ రీతిలో చూస్తే ముదురు నీలిగోడ పూర్వసంప్రదాయానికి కాక, 'ఈ ఇల్లు నాది, ఇక్కడే ఉంటాను' అన్న కొత్త నిశ్చయానికి గుర్తు.

ముదురుదనం వెనుక యంత్రాంగం

సిమెంటు గోడకు లప్పం పెట్టి, ప్రైమరు వేసి, ఎమల్షన్ పూసే పద్ధతి స్థిరపడ్డాక సున్నపు పరిమితి తొలగింది. నీలం కూడా మారింది. 1928లో స్కాట్లండులోని ఒక రంగుల కర్మాగారంలో యాదృచ్ఛికంగా కంటబడి, 1935లో అంగడికి వచ్చిన థాలోసయనిన్ నీలం నేటి గోడరంగుల్లో ప్రధానమైనది. అది రాగి కలిసిన కృత్రిమ పదార్థం. కొద్దిపాటితోనే గాఢమైన నీలాన్నిస్తుంది, క్షారానికీ వెలుగుకూ తట్టుకుంటుంది. నమూనా పుస్తకంలో 'ఇండిగో' అన్న పేరున్నా డబ్బాలో సాధారణంగా ఉండేది ఇటువంటి పదార్థాలే.

దుకాణంలోని యంత్రం వేర్వేరు బేస్‌లలో రంగుచుక్కలు కలుపుతుంది. లేతరంగుల బేస్‌లో తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది. ముదురు నీలం కావాలంటే ఆ తెలుపు అతి తక్కువగా ఉన్న, దాదాపు పారదర్శకమైన బేస్ తీసుకోవాలి. భీమునిపట్నం తీరపు ఇసుకలో ఉన్న ఇల్మనైట్ ఈ టైటానియం డయాక్సైడ్‌కు ముడిఖనిజం. సున్నం కాలంలో గుల్లల రూపంలోనూ, నేడు ఇసుక రూపంలోనూ ఈ తీరం తన గర్భంలో దాచుకున్నది తెలుపే. ముదురు నీలం ఆ తెలుపును తీసివేయడం వల్ల ఏర్పడుతోంది. తెలుపు లేనందున కింది గోడను కప్పే శక్తి తక్కువై, అదనపు పూత అవసరమవుతుంది.

సముద్రతీర నగరంలో మరో చిక్కు ఉంది. చెమ్మ ఎక్కిన గోడలో ఉప్పు పొంగి పైకి వస్తుంది. తెల్లని వెల్ల మీద తెల్లని ఉప్పు కనిపించదు. పైగా సున్నం చెమ్మను బయటకు పోనిస్తుంది. ముదురు నీలం మీద అదే ఉప్పు తెల్లమచ్చగా బయటపడుతుంది. కనుక ముదురు నీలిగోడకు పొడిగా ఉన్న గోడ, కారని కప్పు, ఏటేటా వెల్ల వేసుకోవలసిన అవసరంలేని జీవనం ముందు షరతులు. ఈ షరతులన్నీ విశాఖ మధ్యతరగతికి ఒకేచోట సమకూరినది గత రెండు మూడు దశాబ్దాల్లోనే. 2019 జనవరిలో అచ్యుతాపురం సమీపంలోని పూడి వద్ద ఏషియన్ పెయింట్స్ కర్మాగారం ప్రారంభమైంది. దాని తొలిదశ వార్షిక సామర్థ్యం 3 లక్షల కిలోలీటర్లు. నీలిని బిళ్లలుగా ఓడకెక్కించిన తీరం ఇప్పుడు గోడరంగును డబ్బాలుగా తయారుచేస్తోంది.

నీలం ఎవరి వారసత్వం?

ఈ చరిత్రను సరిచూడటం వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్న సహజం. ఇంటివారు తమకు నచ్చిన రంగు వేసుకుంటే పరిశోధనకు పని లేదు. కాని రంగుకు వారసత్వం అంటగట్టినప్పుడు, ఆ వారసత్వంలో ఎవరు మిగిలారో ఎవరు జారిపోయారో అడగవలసి ఉంటుంది. 'ఇండిగో సంప్రదాయం' అన్న అలంకారపు మాటలో తొట్టిలో నడుములోతు నీటిలో నిలబడి చిలికిన కూలీ లేడు. అద్దకపు బానలో చేతులు నీలమైనందుకు హీనంగా చూడబడినవాడు లేడు. 1860 నాటి 'నీలదర్పణ్' నాటకం వంగదేశంలోనూ, 1917 నాటి చంపారన్ సత్యాగ్రహం బీహారులోనూ నీలి వెనుక ఉన్న నిర్బంధాన్ని లోకానికి చూపాయి. ఆ చరిత్రను వదిలి రంగును మాత్రమే వారసత్వంగా తీసుకోవడం కుదరదు.

దీనికి విరుద్ధంగా, తన మూలాన్ని దాచుకోని నీలం ఒకటి తెలుగు గోడల మీద ఉంది. అంబేద్కర్ 1942లో స్థాపించిన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య జెండా నీలం. నాటి నుంచి ఆ రంగు దళిత రాజకీయ చైతన్యానికి చిహ్నం. విశాఖ డాబాగార్డెన్స్‌లో ఎల్.ఐ.సి. భవనం వద్ద ఉన్న అంబేద్కర్ విగ్రహం కూడలి ఎన్నో ఉద్యమాలకు వేదిక. ఆ జెండారంగును తలుపుకో, పటం వెనుక గోడకో వేసుకున్న ఇంటిలో నీలం పురాతనమని ఎవరూ చెప్పరు. అది ఎప్పుడు, ఎందుకు వచ్చిందో ఆ ఇంటివారికి తెలుసు. శాస్త్రం అంటరానిదన్న రంగును, అంటరానివారిగా చూడబడినవారు ఎత్తిపట్టుకోవడంలో ఉన్న చారిత్రక సమంజసత్వం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆధునికమని ఒప్పుకున్న ఈ నీలం, సంప్రదాయమని చెప్పుకునే ముందుగది నీలం కంటే తన చరిత్రకు ఎక్కువ నిజాయితీగా ఉంది.

సాహిత్య పరిశోధనకు కూడా ఇందులో ఒక మెలకువ ఉంది. ఇరవయ్యో శతాబ్ది కథలోనో నవలలోనో సున్నంలో నీలిమందు కలిపినట్లు వర్ణన కనిపిస్తే, దానిని మొక్కనీలిగా వ్యాఖ్యానించడం పొరపాటవుతుంది. 17వ శతాబ్ది వర్తక పత్రంలోని నీలిని చాకలినీలంగా ఊహించడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. నిఘంటువుల్లో నీలిమందుకు రెండు అర్థాలను కాలక్రమంతో విడదీసి చూపడం అవసరం.

ఉపసంహారం

నీలికి ఈ ప్రాంతంలో నిజమైన వారసత్వం లేదని దీని అర్థం కాదు. అది గోడమీద కాక మరోచోట ఉంది. 18వ శతాబ్ది చివరలో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, నీలిమొక్క నుంచే కాక మరొక చెట్టు ఆకుల నుంచి కూడా నీలిమందు తీయవచ్చునని ప్రయోగాల ద్వారా చూపాడు. ఆ చెట్టు శాస్త్రీయనామంలోని రెండో భాగం 'టింక్టోరియా' అంటే రంగుకు పనికివచ్చేది. తెలుగువారు దానిని అంకుడు అంటారు. ఒకప్పటి విశాఖ జిల్లాలో, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాకలో, వరాహనది ఒడ్డున, లక్కబొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలకు ప్రకృతిసిద్ధమైన రంగులు వాడే పద్ధతిని అక్కడి కళాకారులు పునరుద్ధరించారు. పసుపుకు పసుపుకొమ్ము, నీలానికి నీలిమందు. అది కొలిమి పొడి కాదు, మొక్కనీలి.

మనుస్మృతి ఒకే వరుసలో నిషేధించిన లక్కా నీలీ ఆ బొమ్మమీద ఒకటిగా కలిశాయి. ముదురు నీలిగోడకు ఆనించిన అలమరలో ఏటికొప్పాక బొమ్మ ఒకటి ఉంటే, ఆ గదిలో పాతనీలం గోడకు కాక బొమ్మకే ఉంటుంది. గోడమీదిది రేవు, సిమెంటు, సొంత ఇల్లు తెచ్చిన నీలం. రెండింటికీ ఒకే పేరు ఉన్నంత మాత్రాన వాటి చరిత్ర ఒకటి కాదు. ఆ తేడాను నమోదు చేయడం భాషాసాహిత్య పరిశోధన బాధ్యత.